కుకీలన్నీ ఒకేసారి తుడిచేయకండి: అక్కర్లేనివి తీసి, కావలసినవి ఉంచుకునే పద్ధతి

ఫోన్ నెమ్మదించినా, ప్రకటనలు వెంటపడినా, ఏదైనా వెబ్‌సైట్ సరిగా తెరుచుకోకపోయినా మనకు దొరికే సలహా ఒకటే: "బ్రౌజర్‌లో కుకీలు క్లియర్ చేసెయ్." చెప్పినవారు చెప్పి వెళ్లిపోతారు. నొక్కినవారికి కష్టం అప్పుడు మొదలవుతుంది. మెయిల్ పాస్‌వర్డ్ అడుగుతుంది. పిల్లల చదువుల సైట్ "మీరెవరు?" అంటుంది. కంప్యూటర్‌లో వాట్సాప్ మళ్లీ స్కాన్ చేయమంటుంది. చాలా చోట్ల ఓటీపీ.

పెద్ద ఊళ్లో ఉన్నవారికి ఇది కాసేపటి చిరాకు. ఒడిశాలోని రాయగడ, గుణుపురం, కాశీనగరం, పర్లాకిమిడి వైపు ఉన్న మన ఇళ్లలో అలా కాదు. ఖాతాకు ఇచ్చిన నంబరు చాలాసార్లు విశాఖలోనో హైదరాబాదులోనో పని చేసుకుంటున్న కొడుకుది. అమ్మ ఇక్కడ నెట్ సెంటర్‌లో కూర్చుంటే ఓటీపీ అక్కడ మోగుతుంది. "మావోడు డూటీలో ఉన్నాడు బావూ, ఫోనెత్తడు. రేపొచ్చి సెప్తాను" అని ఆవిడ లేచి వెళ్లిపోతుంది. ఇక కొండ వైపు ఊళ్లలో నంబరు చేతిలోనే ఉన్నా సిగ్నల్ కోసం ఎత్తుకి ఎక్కాలి. ఒక్క లాగిన్ పోతే ఒక పూట పోయినట్టే. అందుకే ఇక్కడివారు అన్నిటినీ ఒకేసారి ఊడ్చేసే పద్ధతి మానుకుని, ఏరి తీసే పద్ధతి నేర్చుకోవాలని గట్టిగా చెబుతున్నాను. పని పెద్దదేమీ కాదు. ఒకసారి కుదురుగా కూర్చుని అమర్చుకుంటే చాలు.

ముందు కుకీ సంగతి

వెబ్‌సైట్‌కి జ్ఞాపకం ఉండదు. మీరు ఒక పేజీ చూసి తర్వాతి పేజీకి వెళ్లేసరికి, వచ్చింది మీరేనని సర్వర్‌కి తెలియదు. ఈ లోటు తీర్చడానికి 1994లో నెట్‌స్కేప్ సంస్థలో పనిచేసే లూ మాంటులీ అనే ఇంజనీరు కుకీని కనిపెట్టాడు. సైట్ మీ బ్రౌజర్‌లో చిన్న అక్షరాల ముక్క దాస్తుంది. మీరు మళ్లీ వెళ్లినప్పుడు బ్రౌజర్ ఆ ముక్కను సైట్‌కి చూపిస్తుంది.

రాయగడ మజ్జిగౌరమ్మ గుడికి వెళ్లినప్పుడు చెప్పుల స్టాండులో ఇచ్చే టోకెన్ లాంటిదే ఇది. టోకెన్ మీద మీ పేరుండదు, నంబరే ఉంటుంది. చెప్పులు వాళ్ల అరలో ఉంటాయి. దీన్నిబట్టి రెండు సంగతులు గుర్తుపెట్టుకోండి. టోకెన్ ఎవరి చేతిలో ఉంటే చెప్పులు వాళ్లకే ఇస్తారు. అలాగే మీ లాగిన్ కుకీ ఇంకొకరి చేతికి చిక్కితే పాస్‌వర్డ్, ఓటీపీ లేకుండానే మీ ఖాతాలోకి వెళ్లిపోవచ్చు. రెండోది, టోకెన్ పారేసినంత మాత్రాన అరలో చెప్పులు మాయం కావు. కుకీని మీ కంప్యూటర్‌లో తుడిచేసినా, సైట్ వైపు ఆ లాగిన్ కొంతకాలం బతికే ఉండొచ్చు. కాబట్టి వదిలేయాలనుకున్న ఖాతాలో ముందు 'లాగవుట్' నొక్కండి, తర్వాతే కుకీ తీయండి. ఈ వరస ఎప్పుడూ తప్పొద్దు.

కుకీలు ఎక్కువైతే ఫోన్ నెమ్మదిస్తుందన్న మాటలో పస లేదు. ఒక్కో కుకీ సుమారు 4 కేబీ దాటదు. చోటు తినేది 'క్యాష్', అంటే బ్రౌజర్ దాచుకున్న బొమ్మలూ ఫైళ్లూ. చోటు కోసమే అయితే క్లియర్ చేసే చోట 'క్యాష్డ్ ఇమేజెస్ అండ్ ఫైల్స్' ఒక్కదానికే టిక్ పెట్టి, కుకీల టిక్ తీసేయండి. లాగిన్లు ఎక్కడివక్కడే ఉంటాయి. కుకీలు తీస్తే బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డులు పోతాయన్న భయమూ వద్దు. వాటికి వేరే టిక్ ఉంటుంది.

ఏవి అక్కర్లేనివి?

మనవాళ్లలో చాలామంది జిల్లా వార్తలకు ఒడియా పేపరు సైట్, శ్రీకాకుళం, విజయనగరం కబుర్లకు తెలుగు పేపరు సైట్ చూస్తారు. ఆ రెండు సైట్లకూ ఒకదానితో ఒకదానికి సంబంధం ఉండకపోవచ్చు. కానీ రెండింటిలోనూ ప్రకటనల పెట్టె ఒకే కంపెనీది అయితే, ఆ కంపెనీ రెండు చోట్లా ఒకే కుకీని చదువుకుంటుంది. మీరు పొద్దున్న ఏ వార్త తెరిచారో, సాయంత్రం ఏ మోటారు పంపు ధర చూశారో దానికి తెలుస్తుంది. మీరు ఎన్నడూ తెరవని సైట్ మీ బ్రౌజర్‌లో పెట్టిన ఇలాంటి కుకీలనే థర్డ్ పార్టీ కుకీలంటారు. ముందు తీయవలసింది వీటినే.

మీరు తెరిచిన సైట్ తానే పెట్టుకునేవి ఫస్ట్ పార్టీ కుకీలు. లాగిన్, భాష ఎంపిక, కొనుగోలు బుట్ట వీటిలోనే ఉంటాయి. అలాగని ఇవన్నీ మంచివే అనుకోకూడదు. గూగుల్ అనలిటిక్స్ పెట్టే 'అండర్‌స్కోర్ జీఏ' అనే కుకీ ఫస్ట్ పార్టీదే. మామూలుగా అది అడిగే ఆయుష్షు 2 ఏళ్లు. సైట్‌కి ఎవరెవరు వచ్చారో లెక్కపెట్టుకోవడానికే అది. మీకు దానితో పని లేదు.

మొదటి పని: కాగితం మీద జాబితా

బ్రౌజర్ ముట్టుకునే ముందు కాగితం తీసుకోండి. ప్రతి సైట్‌కీ ఒక్కటే ప్రశ్న వేసుకోండి: ఇందులోంచి బయటికి వచ్చేస్తే మళ్లీ లోపలికి వెళ్లడం కష్టమా? కష్టమైనవే రాయండి. మెయిల్, కంప్యూటర్‌లో వాడే వాట్సాప్, పిల్లల ఆన్‌లైన్ తరగతుల సైట్, ఇంట్లోకి సరుకులు తెప్పించుకునే సైట్, మీ దుకాణం లెక్కలు ఉన్న సైట్. మామూలు ఇంటికి ఇవి పదికి మించవు.

జాబితాలో రాయనక్కర్లేనివీ ఉన్నాయి. బ్యాంకు సైట్లు కాసేపు ఊరుకుంటే వాటంతట అవే బయటికి పంపేస్తాయి. కుకీ ఉంచినా రేపు మళ్లీ పాస్‌వర్డ్ అడుగుతాయి, అలా అడగడమే మంచిది. రైలు టికెట్ల ఐఆర్‌సీటీసీ కూడా అంతే. ఒడిశా భూలేఖ్, ఆంధ్ర మీభూమి లాంటివి రికార్డు చూసి వదిలేసేవి. వాటి కుకీ పోతే మీకు నష్టమేమీ లేదు.

ఒకటి మాత్రం పేచీ పెడుతుంది: లాగిన్ ఒక సైట్‌లో, పని ఇంకో సైట్‌లో ఉండటం. యూట్యూబ్ ఉంచి గూగుల్ తీసేస్తే యూట్యూబ్‌లోంచి కూడా బయటికి వచ్చేస్తారు, ఎందుకంటే దాని లాగిన్ గూగుల్ దగ్గర ఉంటుంది. 'సైన్ ఇన్ విత్ గూగుల్' అని నొక్కి వెళ్లే సైట్లు ఏవైనా ఉంటే జాబితాలో గూగుల్ పేరు కూడా రాసుకోండి.

ఇక్కడే ఇంకో మాట. జాబితాలో ఉన్న ప్రతి ఖాతాకీ పాస్‌వర్డ్ తెలుసా, ఓటీపీ ఏ నంబరుకి వెళుతుందో ఆ మనిషి ఇవాళ అందుబాటులో ఉన్నాడా అని చూసుకోండి. ఒక వేలు తప్పు నొక్కితే అన్నీ పోవచ్చు. కొడుక్కి సెలవున్న రోజు ఈ పని పెట్టుకోండి.

రెండో పని: కొత్తవి రాకుండా ఆపడం

పాతవి తీసే ముందు గుమ్మం మూయాలి. క్రోమ్‌లో మూడు చుక్కలు నొక్కి 'సెట్టింగ్స్', అందులో 'ప్రైవసీ అండ్ సెక్యూరిటీ', అందులో 'థర్డ్ పార్టీ కుకీస్' తెరవండి. 'బ్లాక్ థర్డ్ పార్టీ కుకీస్' ఎంచుకోండి. ఫోన్‌లోనూ దారి ఇదే. క్రోమ్ మీ కోసం దీన్ని తానే చేస్తుందని ఎదురుచూడకండి. ఈ కుకీలను ఎత్తేస్తామని గూగుల్ 2020లో ప్రకటించింది, 2024లో ఆ ఆలోచన విరమించుకుంది. యాపిల్ సఫారీ మాత్రం 2020 నుంచే వీటిని దానంతటదే ఆపేస్తోంది. ఫైర్‌ఫాక్స్ 2022 నుంచి ఏ సైట్ కుకీలను ఆ సైట్‌కే వేరు పెట్టెలో ఉంచుతోంది. అందువల్ల ప్రకటనల కంపెనీ ఒక చోట పెట్టిన కుకీ ఇంకో చోట దానికి కనబడదు.

ఇలా ఆపాక ఎప్పుడో ఒక సైట్ మొండికేయవచ్చు. డబ్బు కట్టే పేజీ తెల్లగా ఉండిపోవడం, లాగిన్ నొక్కితే మొదటికే రావడం లాంటివి. అప్పుడు మొత్తం సెట్టింగ్ తీసేయకండి. అదే పేజీలో కిందికి వెళితే ఒప్పుకున్న సైట్ల జాబితా ఉంటుంది. ఆ ఒక్క సైట్‌ని అందులో చేర్చండి.

సైట్ తెరవగానే కింద వచ్చే "అన్ని కుకీలకూ ఒప్పుకుంటారా?" అనే పట్టీలో 'యాక్సెప్ట్ ఆల్' బటన్‌కే రంగు వేసి పెద్దగా చూపిస్తారు. పక్కనే చిన్నగా 'రిజెక్ట్' అనో 'ఓన్లీ నెసెసరీ' అనో ఉంటుంది. అది నొక్కండి, సైట్ మామూలుగానే పనిచేస్తుంది. మీరు వద్దన్న సంగతి కూడా ఆ సైట్ ఒక కుకీలోనే రాసుకుంటుంది. అందుకే అన్నీ తుడిచేసిన ప్రతిసారీ ఆ పట్టీ మళ్లీ ప్రత్యక్షమవుతుంది.

మూడో పని: పేరుకున్నవి ఏరి తీయడం

కంప్యూటర్ క్రోమ్‌లో 'థర్డ్ పార్టీ కుకీస్' పేజీలోనే కింద 'సీ ఆల్ సైట్ డేటా అండ్ పర్మిషన్స్' ఉంటుంది. నొక్కగానే మీ బ్రౌజర్‌లో ఏదో ఒకటి దాచుకున్న సైట్లన్నీ వరుసగా వస్తాయి. మొదటిసారి చూసినప్పుడు గుండె జారుతుంది, కంగారు పడకండి. పైన వెతికే పెట్టె ఉంది. పక్కన వరస మార్చుకునే మెనూ ఉంది, అందులో 'నేమ్' పెట్టుకుంటే అక్షర క్రమంలో సర్దుకుంటాయి, ఏరడం సులువు.

కాగితం పక్కన పెట్టుకుని పై నుంచి కిందికి రండి. పేరు జాబితాలో ఉంటే వదిలేయండి. లేకపోతే పక్కన ఉన్న చెత్తబుట్ట గుర్తు నొక్కి 'డిలీట్' అనండి. డబుల్‌క్లిక్, క్రిటియో, టబూలా లాంటి పేర్లు కనబడతాయి. ఇవి మీరు ఎన్నడూ తెరిచిన సైట్లు కావు, ప్రకటనల కంపెనీలవి. నిస్సందేహంగా తీసేయండి. పేరు చూస్తే ఏమిటో తెలియనివాటికి నా పద్ధతి ఒకటే: నేను దాంట్లో ఎప్పుడూ లాగిన్ కాలేదంటే అది పోవలసిందే. అది ఒకవేళ పనికొచ్చేదే అయినా, సైట్ మళ్లీ తెరిచినప్పుడు కొత్తది వస్తుంది.

పొరపాటున పైన ఉన్న 'డిలీట్ ఆల్ డేటా' మీద వేలు పడనివ్వకండి. పడినా, అడిగే పెట్టెలో 'క్యాన్సిల్' ఉంటుంది.

ఒకే సైట్ తేడా చేస్తుంటే ఇంత దూరం రానక్కర్లేదు. ఆ సైట్ తెరిచి, అడ్రస్ పక్కన ఎడమవైపు ఉన్న గుర్తు నొక్కండి. 'కుకీస్ అండ్ సైట్ డేటా' అని వస్తుంది. 'మేనేజ్ ఆన్ డివైస్ సైట్ డేటా'లోకి వెళ్లి దాని ఒక్కదానివే తీసేయండి. దరఖాస్తు సైట్లు మధ్యలో బిగుసుకుపోయినప్పుడు, చాలాసార్లు ఈ ఒక్క వైద్యంతోనే లేచి కూర్చుంటాయి.

లోపల ఏముందో కళ్లారా చూడాలనుకునే పిల్లలకు ఒక దారి. లాప్‌టాప్‌లో ఏదైనా వార్తల సైట్ తెరిచి ఎఫ్12 నొక్కండి. పైన 'అప్లికేషన్' అనే ట్యాబ్, ఎడమవైపు 'కుకీస్'. ఒక్కో వరసలో కుకీ పేరు, విలువ, ఏ సైట్‌ది, ఎప్పటికి చచ్చిపోతుంది అన్నీ ఉంటాయి. 'సెషన్' అని ఉంటే బ్రౌజర్ మూయగానే పోయేది. పేరులో 'సెస్ ఐడీ' ఉంటే సాధారణంగా మీ లాగిన్‌కి సంబంధించింది. 'లాంగ్' ఉంటే భాష ఎంపిక. 'అండర్‌స్కోర్ ఎఫ్‌బీపీ' అంటే ఫేస్‌బుక్ ప్రకటనల కోసం పెట్టింది. తేదీల వరస కూడా చూడండి. క్రోమ్ ఏ కుకీనీ 400 రోజులకు మించి ఉండనివ్వదు, కాబట్టి ఆ దగ్గర్లో తేదీ ఉన్నవి గరిష్ఠ గడువు అడిగి తీసుకున్నవన్నమాట. ఈ పేజీలో కనబడే విలువలను ఫొటో తీసి ఎవరికీ పంపకండి, ఎవరు అడిగినా సరే. అవే మీ లాగిన్లు.

నాలుగో పని: ఇకపై దానంతటదే జరిగేలా

క్రోమ్ 'సెట్టింగ్స్'లో 'ప్రైవసీ అండ్ సెక్యూరిటీ', 'సైట్ సెట్టింగ్స్', కింద 'అడిషనల్ కంటెంట్ సెట్టింగ్స్', అందులో 'ఆన్ డివైస్ సైట్ డేటా'. ముందుగా ఒప్పుకున్న సైట్ల జాబితా నింపండి. 'అలౌడ్ టు సేవ్ డేటా' పక్కన 'యాడ్' నొక్కి, కాగితం మీద ఉన్న సైట్లను ఒక్కొక్కటే చేర్చండి. సైట్ పేరు ముందు [*.] అని టైప్ చేస్తే ఆ సైట్ పరిధిలో ఉన్న మిగతా పేజీలకూ వర్తిస్తుంది. జాబితా పూర్తయ్యాకే పైకి వెళ్లి, విండోలన్నీ మూసినప్పుడు డేటా తీసేయమనే రెండో ఎంపికను నొక్కండి. వరస తారుమారైతే మొదటిసారి మూయగానే లాగిన్లు పోతాయి. మూడో ఎంపిక, అంటే ఏ సైట్‌నీ ఏమీ దాచనివ్వకపోవడం, వద్దు. దాంతో లాగిన్ అన్నదే కుదరదు.

ఫైర్‌ఫాక్స్‌లో 'ప్రైవసీ అండ్ సెక్యూరిటీ' కింద 'కుకీస్ అండ్ సైట్ డేటా'. 'మేనేజ్ ఎక్సెప్షన్స్'లో సైట్ అడ్రస్ ఇచ్చి 'అలౌ' నొక్కి 'సేవ్ చేంజెస్' చేయాలి. తర్వాత ఫైర్‌ఫాక్స్ మూసినప్పుడు కుకీలు తీసేయమనే టిక్ పెట్టాలి. ఎడ్జ్‌లో మూసేటప్పుడు ఏం తీయాలో చెప్పే చోట కుకీల కిందే 'డు నాట్ క్లియర్' జాబితా ఉంటుంది.

ఫోన్‌లో ఎలా?

మన ఇళ్లలో చాలావాటికి ఫోనే కంప్యూటర్. కానీ ఆండ్రాయిడ్ క్రోమ్‌లో 'ఇవి ఉంచు, మిగతావి మూసినప్పుడల్లా తీసెయ్' అనే సదుపాయం లేదు. ఒక్కొక్కటిగా తీయడానికైతే 'సైట్ సెట్టింగ్స్', 'ఆల్ సైట్స్'లో సైట్ పేరు నొక్కి తీయవచ్చు. ప్రతివారం అంత ఓపిక ఎవరికీ ఉండదు.

దానికి నేను అందరికీ చెప్పే ఉపాయం: రెండు బ్రౌజర్లు పెట్టుకోండి. జాబితాలోని సైట్లు క్రోమ్‌లోనే తెరవండి, అక్కడ ఇంకేదీ తెరవకండి. వార్తలు, వంటలు, సినిమా కబుర్లు, ఎవరో పంపిన లింకులు అన్నీ ఫైర్‌ఫాక్స్‌లో చూడండి. ఫైర్‌ఫాక్స్ సెట్టింగ్స్‌లో 'డిలీట్ బ్రౌజింగ్ డేటా ఆన్ క్విట్' ఆన్ చేయండి. చూడటం అయ్యాక మెనూలో 'క్విట్' నొక్కి బయటికి రావాలి. తెరను పక్కకి తోసేస్తే లెక్కలోకి రాదు. లింకులు నొక్కితే ఫైర్‌ఫాక్స్‌లోనే తెరుచుకునేలా ఫోన్ సెట్టింగ్స్‌లో దాన్ని డీఫాల్ట్ బ్రౌజర్ చేయండి. పెద్దవాళ్లకు ఇదే బాగా కుదురుతుంది, ఏ గుర్తు ఏ పనికో చూపిస్తే చాలు.

ఐఫోన్ సఫారీలో సెట్టింగ్స్ లోపల 'అడ్వాన్స్‌డ్', 'వెబ్‌సైట్ డేటా'లో సైట్ పేరును ఎడమవైపు జరిపి తీసేయవచ్చు.

"మీ ఫోన్‌లో వైరస్ ఉంది", "మీకు బహుమతి వచ్చింది" అని తెర పైనుంచి దిగే సందేశాలు కుకీల పని కాదు. ఎప్పుడో ఒక సైట్ 'నోటిఫికేషన్స్ పంపమా?' అంటే 'అలౌ' నొక్కి ఉంటారు. 'సైట్ సెట్టింగ్స్'లో 'నోటిఫికేషన్స్' తెరిచి ఆ సైట్‌ని బ్లాక్ చేయండి. కుకీలెన్ని తుడిచినా ఆ అనుమతి అలాగే ఉంటే అవి ఆగవు.

నెట్ సెంటర్‌లో

ఇక్కడ మాత్రం ఉంచుకోవలసిన కుకీ ఒక్కటీ లేదు. క్రోమ్‌లో కుడివైపు పైన బొమ్మ నొక్కి 'గెస్ట్' విండో తెరవమని అడగండి. అది మూయగానే మీరు చేసినదేదీ ఆ కంప్యూటర్ బ్రౌజర్‌లో మిగలదు. పని అయ్యాక లాగవుట్, ఆ తర్వాత విండో మూయడం. ఇన్‌కాగ్నిటో వాడితే ఆ విండోలన్నీ మూయాలి. ఒకటి తెరిచి వదిలేసినా, ఆ విండోలన్నిటికీ ఉమ్మడి అయిన కుకీలు బతికే ఉంటాయి. మీ ముందు కూర్చున్నవారు మూయకుండా వెళ్లిన ఇన్‌కాగ్నిటోలో మీరు పని మొదలుపెట్టకండి. సెంటర్ నడిపే తమ్ముళ్లు 'గెస్ట్' విండోనే ముందుగా తెరిచి ఉంచితే వచ్చేవారికి ఎంతో మేలు చేసినవారవుతారు.

చివరగా పరీక్ష

ఇంట్లో అమరిక పూర్తయ్యాక ఓటీపీ వచ్చే మనిషి ఫోన్ దగ్గర ఉన్నప్పుడే పరీక్షించండి. విండోలన్నీ మూసి, మళ్లీ తెరిచి, కాగితం మీది సైట్లు ఒక్కొక్కటే చూడండి. ఏదైనా బయట పడేస్తే, దాని లాగిన్ పేజీకి వెళ్లి పైన అడ్రస్ చదవండి. అక్కడ ఇంకో పేరు కనబడితే ఆ పేరు కూడా ఒప్పుకున్న జాబితాలో చేర్చాలి. పోవలసినవి పోలేదంటే రెండు చోట్ల చూడండి. క్రోమ్ 'ఆన్ స్టార్టప్'లో 'కంటిన్యూ వేర్ యు లెఫ్ట్ ఆఫ్' ఎంచుకుని ఉంటే మూసినప్పుడు పోవలసిన సెషన్ కుకీలు మళ్లీ లేచి వస్తాయి. 'సిస్టమ్'లో క్రోమ్ మూసినా వెనుక నడుస్తూ ఉండమనే టిక్ ఉంటే, బ్రౌజర్ నిజంగా మూతపడనట్టే. ఆ టిక్ తీసేసి, విండోలన్నీ మూసి మరోసారి తెరిచి చూడండి.